గంట స్తంభం సందు నుంచి సిల్క్‌సాంగ్ దాకా: మన ఆటగాళ్ళు ఇప్పుడు ఏమి ఆడుతున్నారు?

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని అక్షరాల్లో పెట్టాము. తడబాట్లు మాత్రమే తీసివేశాము, మాట తీరు మార్చలేదు.)

సభకు నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, పిల్లలను దింపి వెళ్ళిపోదామని వచ్చి ఎందుకో వెనక వరుసలో ఉండిపోయిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారం. వీడియో గేములంటే ఇష్టపడేవారు ఈ మధ్య ఏమి ఆడుతున్నారు అన్నది నాకు ఇచ్చిన అంశం. నిర్వాహకులు ఫోను చేసినప్పుడు "కొత్తవా, పాతవా?" అని అడిగాను. "రెండూ చెప్పండి మాస్టారూ" అన్నారు. రెండూ చెబుతాను. అయితే కొత్తవి ఒక అరలో, పాతవి మరొక అరలో సర్ది చూపించడం నాకు చేతకాదు. ఎందుకంటే రెండు మూడేళ్ళుగా మా విద్యార్థులు ఆడుతున్న ఆటలు గమనిస్తుంటే, ఆ రెండు అరల మధ్య ఉండవలసిన పలక ఎప్పుడో ఊడిపోయినట్టు కనిపిస్తోంది.

ఈ మాట చెప్పడానికి నాకున్న యోగ్యత ఏమిటని మీరు అడగవచ్చు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి బతుకుతున్న మనిషిని. ఆ ఉద్యోగం రాకముందు, 1990ల చివర్లో, గంట స్తంభం దగ్గరి ఒక సందులో పది అడుగుల గది అద్దెకు తీసుకుని, నాలుగు టీవీలు పెట్టి, అరగంటకు రెండు రూపాయల చొప్పున వీడియో గేములు ఆడించాను. ఆ గదికి వచ్చిన వారిలో కొందరు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. వారి పేర్లు చెప్పను, వారి పిల్లలు పక్కనే కూర్చున్నారు కాబట్టి.

ఒక చిన్న పరీక్ష. గేము క్యాసెట్టును నోటి దగ్గర పెట్టుకుని, మౌత్ ఆర్గన్ వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరెవరు ఊదారో చేతులు ఎత్తండి. చూశారా, ఎత్తినవన్నీ నలభై దాటిన చేతులే. పాతికేళ్ళుగా నా మనసులో ఉన్న మాట ఇప్పుడు చెప్పేస్తాను: ఆ ఊదడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. క్యాసెట్టును బయటికి తీసి మళ్ళీ గుచ్చినప్పుడు దాని అడుగున ఉన్న 60 పిన్నులు పెట్టెలోని తీగలకు మరోసారి, కాస్త వేరే చోట ఆనేవి. ఆ ఆనడమే వైద్యం, ఊదడం పక్కన చదివే మంత్రం. పైగా నోటి తేమ తగిలి రాగి మీద చిలుము పట్టేది. గదిలో గోడ మీద "ఊదరాదు" అని రాసి పెట్టాను. ఎవరైనా విన్నారా? నేను కూడా వినలేదు.

ఇదిగో, ఆ కాలం నాటి క్యాసెట్టు ఒకటి తెచ్చాను. పైన పసుపు ప్లాస్టిక్కు, మీద తొంభై తొమ్మిది లక్షల ఆటలు అని అర్థం వచ్చే అంకె. నాలుగు మరలు విప్పితే లోపల ఏముంటుంది? అరచేతిలో సగం కూడా లేని పచ్చటి బోర్డు, దాని మధ్యలో తారు చుక్క వేసినట్టు గట్టిపడిన నల్లటి బొట్టు. చిప్పు ఆ బొట్టు కింద ఉంటుంది. తొంభై తొమ్మిది లక్షలు శుద్ధ అబద్ధం. లోపల ఉన్నవి పది పదిహేను ఆటలే, వాటినే పేర్లు మార్చి, మొదలయ్యే దశ మార్చి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టారు. ఆ పెట్టెలు కూడా జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ యంత్రానికి నకళ్ళే. అసలు యంత్రం మన ఊళ్ళో నేను ఎక్కడా చూడలేదు, మన బాల్యమంతా నకలు మీదే నడిచింది. అయినా ఆ నకలు పెట్టెలో తిరిగిన ఆట మాత్రం అసలుదే. దీన్ని కాస్త గుర్తు పెట్టుకోండి.

అందులో అందరికీ తెలిసినది 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్. ఆ ఆట మొత్తం, సంగీతంతో సహా, 40 కిలోబైట్లు. మీ బాబాయి రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పంపే శుభోదయం బొమ్మ అంతకంటే బరువు ఉంటుంది. అంత చిన్న చోటులో ముప్పై రెండు దశల ఆట ఎలా పట్టింది? పొదుపుతో పట్టింది. ఆకాశంలో మేఘం, నేల మీద పొద రెండూ ఒకే బొమ్మ, తెలుపు వేస్తే మేఘం, పచ్చ వేస్తే పొద. మా తరగతిలో ఈ మాట చెప్పి రెండు బొమ్మలనూ పక్కపక్కన చూపిస్తే, ఫోనులో వందల గంటలు తుపాకులు పేల్చిన పిల్లలు కూడా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతారు. మెమొరీ గురించి నేను చెప్పే పాఠాల్లో వారికి గుర్తుండేది ఇదొక్కటే అని నా అనుమానం.

ఇక తుపాకుల ఆట కాంట్రా. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. విన్నారా, నేను మొదలుపెట్టేలోపే ముందు వరుసలో ఇద్దరు పూర్తి చేశారు. ఎక్కాలు మరిచిపోయిన వారికి కూడా ఇది నోటికి వచ్చు. మూడు లైఫులను ముప్పై చేసే ఈ బటన్ల వరుస కాంట్రా కోసం పుట్టలేదు. కోనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామరు, 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ, పరీక్షించడానికి కూర్చుంటే అది తనకే చివరిదాకా రావడం లేదని, తన వెసులుబాటు కోసం పెట్టుకున్న దొడ్డిదారి అది. ఆయన దాన్ని తీసివేయకుండానే ఆట బయటికి వెళ్ళిపోయింది. జపాన్‌లో ఒక ఉద్యోగి తన పని తేలిక చేసుకోవడానికి పెట్టుకున్న వరుస పదేళ్ళు తిరిగేసరికి గంట స్తంభం సందులో పిల్లల నోళ్ళలో గుణింతంలా నానింది. ఏ పాఠ్యపుస్తకమూ అంత దూరం, అంత చౌకగా ప్రయాణించి ఉండదు.

పాత సంగతులు ఇంతటితో ఆపి, ఇప్పటి పిల్లల దగ్గరికి వస్తాను. ఆదివారాల్లో మా ఇంటికి ఆరేడుగురు విద్యార్థులు వస్తారు. పాఠాల కోసం అని వాళ్ళ ఇళ్ళల్లో చెబుతారు. వాళ్ళు ఏమి ఆడుతున్నారో చెబితే మీకు దేశంలో ఆడుతున్నవాటి సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

వారిలో బొబ్బిలి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది. ఆమె ఆడేది టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన ఆట, అందులోనూ 1989లో నింటెండో యంత్రానికి వచ్చిన రూపం. నాలుగేసి గడుల ముక్కలు ఏడు రకాలు, పై నుంచి పడతాయి, వరుస నిండితే మాయమవుతుంది. ఇందులో ఇంకా కనుక్కోవడానికి ఏముంది అని నేనూ అనుకున్నాను. ఏముందో వినండి.

ఈ ఆటలో 29వ దశకు వచ్చేసరికి ముక్కలు ఎంత వేగంగా పడతాయంటే, బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క గోడ దాకా జరిగేలోపే నేల తాకేస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి 29 దగ్గర మనిషి పని అయిపోయినట్టేనని అందరూ నమ్మారు. తరువాత కొందరు బొటనవేలిని వణికించినట్టు గబగబా కొట్టడం నేర్చి కొంత ముందుకు వెళ్ళారు. ఆ తరువాత మరో పద్ధతి వచ్చింది, ఆ అమ్మాయి దాన్ని నాకు చేసి చూపించింది. ఎడమ బొటనవేలిని బాణం గుర్తు బటన్ మీద ఊరికే ఆనించి ఉంచుతుంది, నొక్కదు. కుడి చేతి నాలుగు వేళ్ళతో కంట్రోలరు వీపు మీద చిటికెనవేలి నుంచి చూపుడువేలి దాకా వరుసగా దరువు వేస్తుంది. ఒక్కో వేలి దెబ్బకు కంట్రోలరు ముందుకు కదిలి బటనే వచ్చి బొటనవేలికి తగులుతుంది. అంటే వేలు బటన్‌ను నొక్కడం లేదు, బటన్ వచ్చి వేలిని నొక్కుతోంది. దీన్ని వాళ్ళు రోలింగ్ అంటారు. ఆ శబ్దం విని పక్క గదిలోంచి మా నాన్నగారు "ఎవరమ్మా, మృదంగం నేర్చుకుంటున్నావా?" అని అడిగారు. సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో పుట్టిన మనిషి, ఆయన చెవి పొరబడదు. వేళ్ళ వరుస నిజంగా అదే.

ఈ దరువుతోనే 2023 డిసెంబరు 21న అమెరికాలో ఓక్లహామాకు చెందిన విల్లిస్ గిబ్సన్ అనే 13 ఏళ్ళ అబ్బాయి 157వ దశ దాకా వెళ్ళాడు. అక్కడ ఆట ఓడించలేదు, ఆటే ఆగిపోయింది. పాత ప్రాసెసరు స్కోరు లెక్కలు సమయానికి పూర్తి చేసుకోలేక బిగుసుకుపోయింది. అప్పటిదాకా ఆ స్థితికి తీసుకువెళ్ళినది కంప్యూటరు ప్రోగ్రాములే, మనిషి ఎవరూ కాదు. మరుసటి ఏడాది అక్టోబరులో మైఖేల్ ఆర్టియాగా అనే కుర్రాడు 255వ దశ దాటించాడు. ఎనిమిది బిట్లలో, అంటే 255 దాకా మాత్రమే లెక్క పట్టే చోటులో, 255 తరువాత అంకె ఏమిటి పిల్లలూ? సున్నా. ఆట మళ్ళీ సున్నా నుంచి మొదలయింది. ఆట వచ్చి ముప్పై నాలుగేళ్ళు అయిన తరువాత దాని కొస కనిపించింది. దీన్ని పాత ఆట అనాలా, నిన్ననే కనుక్కున్న ఆట అనాలా? మన పాత గుళ్ళ మండపాల్లో రాతి నేల మీద పులి-మేక గడులు చెక్కి ఉంటాయి. వాటి మీద గులకరాళ్ళు పెట్టుకుని ఆడే పిల్లలు తాము పాత ఆట ఆడుతున్నామని ఎప్పుడైనా అనుకున్నారా?

ఇంకొక అబ్బాయి ముస్తఫా ఆడతాడు. ఆ పేరుతో ఏ ఆటా లేదని మీలో సగం మందికి తెలియకపోవచ్చు. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ కంపెనీ 1993లో నాణెం వేసి ఆడే యంత్రాల కోసం తెచ్చింది. అందులో పసుపు టోపీ పెట్టుకున్న పాత్ర పేరు ముస్తఫా. దేశమంతా, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా, ఎవరూ చెప్పకుండానే ఆటకు ఆ పేరే పెట్టేసుకున్నారు. ఇంటి యంత్రాలకు అది అధికారికంగా ఎప్పుడూ రాలేదు. కొనుక్కుందామంటే దొరకదు. మరి ఆ అబ్బాయి ఎలా ఆడుతున్నాడు? పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముతో, అంటే ఎమ్యులేటరుతో. నాణేల యంత్రాలను అనుకరించే మేమ్ అనే ప్రోగ్రాము 1997 నుంచి ఉంది. ఆపిల్ ఫోన్లలో మాత్రం ఇలాంటివి 2024 ఏప్రిల్ దాకా వారి స్టోరులోకి రానివ్వలేదు. ఇప్పుడు అరచేతిలో పట్టే చైనా పెట్టెలు కూడా ఈ పని కోసమే విడిగా అమ్ముతున్నారు.

ఎమ్యులేటరు చట్టబద్ధమే, కానీ ఆట నకలును ఎక్కడి నుంచో దింపుకోవడం వేరే సంగతి. మాస్టారి హోదాలో ఈ మాట చెప్పాలి, చెప్పాను. అదే హోదాలో రెండో మాట కూడా చెప్పాలి. అమెరికాలో వీడియో గేముల చరిత్రను భద్రపరిచే ఒక సంస్థ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొనడానికి దొరకడం లేదని తేలింది. అమ్మేవాడు అమ్మడు, ఆడేవాడు దింపుకుంటే నేరం. నేను తీర్పు చెప్పను గాని, ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

కొత్త ఆటలకు వద్దాం. నిరుటి పెద్ద సందడి హాలో నైట్: సిల్క్‌సాంగ్. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలో వేళ్ళ మీద లెక్కపెట్టగల మనుషులు కలిసి 2017లో హాలో నైట్ తెచ్చారు. దాని తరువాతి భాగాన్ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. అది వచ్చింది 2025 సెప్టెంబరు 4న. ఆరున్నరేళ్ళు! ఆ రోజు కొనేవారి తాకిడికి ఆన్‌లైను దుకాణాలు కాసేపు చతికిలబడ్డాయి. మా విద్యార్థి ఒకడు ఆ సాయంత్రం ల్యాబు ఎగ్గొట్టాడు, నాకు తెలుసు, అతనికి నాకు తెలుసని తెలియదు, ఇప్పుడు తెలిసింది. సరే, ఆ ఆట ఎలా ఉంటుంది? పక్క నుంచి చూసే బొమ్మ, దూకడం, సూదితో కొట్టడం, దారులు వెతుక్కోవడం. మూడు కొలతల బొమ్మలు రాజ్యమేలుతున్న కాలంలో, 1986లో జపాన్‌లో పుట్టిన ఆటల పద్ధతినే చేత్తో గీసిన బొమ్మలతో మళ్ళీ నిలబెట్టారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరం నుంచి క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 వచ్చింది. ఆ కథలో ఏటేటా ఒక చిత్రకారిణి ఒక అంకె వేస్తుంది, ఆ వయసు వారంతా పొగలా మాయమైపోతారు. ఈసారి అంకె 33. వినగానే ఒళ్ళు జలదరిస్తుంది కదా? డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా అదే నిలిచింది. కానీ ఆడే తీరు చూడండి: నీ వంతు, నా వంతు. చదరంగంలా, మన అష్టా చమ్మాలా. ఈ వంతుల పోరాటం 1986, 1987 నాటి జపాన్ ఆటల్లో పండిన పద్ధతి. మధ్యలో పెద్ద కంపెనీలు చాలావరకు ఇక ఎవరూ ఆడరని పక్కన పెట్టేశాయి. ఈ ఫ్రాన్సు వారు దానికి ఒక్క మెలిక చేర్చారు. ఎదుటివాడి వంతులో కూడా నువ్వు చేతులు కట్టుకుని కూర్చోకూడదు, దెబ్బ పడే క్షణం సరిగ్గా పట్టుకుని బటన్ నొక్కితే కాచుకోవచ్చు. పాత వంతుల ఆటకు మేళం తాళం కలిపారన్నమాట. ఈ ఆట మా ఇంట్లో మా అబ్బాయి ఆడుతుంటే నేను వెనక నిలబడి చూశాను, రాత్రి పన్నెండున్నర అయింది, మా ఆవిడ వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టింది.

చీపురుపల్లి అబ్బాయి ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ. దీని గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నాకు ఇష్టమైన సంఘటన ఒకటి ఉంది. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ కుర్రాడు బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాము, కథ అన్నీ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా చేసుకుని 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. తాతగారు వదిలిపోయిన పాడుబడ్డ పొలానికి నువ్వు వెళతావు. ఊరి పెద్ద 15 విత్తనాలు ఇస్తాడు, పార్స్‌నిప్ అనే ముల్లంగి లాంటి దుంప. రాళ్ళు ఏరి, నేల తవ్వి, విత్తి, రోజూ నీళ్ళు పోస్తే నాలుగో రోజుకు కోతకు వస్తుంది. ఆ అబ్బాయి తండ్రి నిజమైన రైతు. ఒకసారి కొడుకును తీసుకువెళ్ళడానికి వచ్చి, ఫోనులో ఇది చూసి అడిగారు: "నాలుగు రోజులకే దుంప ఊరిపోతాదేటి మాస్టారూ? అప్పు లేదు, యూరియా లైను లేదు, మావోడ్ని ఆ యెవసాయమే చేసుకోమనండి." అందరం నవ్వాము. తరువాత ఆయన అక్కడే కూర్చుని అరగంట సేపు కొడుకు చేత నీళ్ళు పోయించారు. "ఆ మూల మడి తడవలేదురా" అని చూపించింది కూడా ఆయనే. అబ్బాయికి అది కనబడలేదు.

పెద్దవాళ్ళలో, అంటే ఇప్పుడు ముప్పై అయిదు, నలభై దాటిన వారిలో, ఇంటర్నెట్ సెంటర్ల కాలం నుంచి వదలకుండా ఉన్నది రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. వచ్చింది 1999లో, 2019లో కొత్త మెరుగుతో మళ్ళీ వచ్చింది. 2022లో భారత రాజ్యాల కోసమే ఒక విడత విడుదల చేశారు, అందులో గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు చేరారు. ద్రావిడుల కథలో రాజేంద్ర చోళుడి దండయాత్రలు ఆడవచ్చు. సైనికులు తమిళంలో పలుకుతారు. రాజేంద్రుడి సేనలు గంగ దాకా వెళ్ళినప్పుడు మన కళింగ మీదుగానే వెళ్ళాయి. ముఖలింగం ఇక్కడి నుంచి ఎంత దూరం? అయినా కళింగ గాంగులకు ఆ ఆటలో ప్రత్యేక రాజ్యంగా చోటు దక్కలేదు. ఇది నా సొంత అభియోగం, చరిత్ర ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే వారు కూడా సంతకం పెట్టవచ్చు.

ఫోను ఆటల సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు నాకంటే బాగా తెలుసు. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021 జూలైలో అదే బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జూలైలో మళ్ళీ పోయింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మన పిల్లలు ఎక్కువగా ఆడేది ఇప్పటికీ ఆ జాతి ఆటలే, అందుకు కారణం ఖర్చు. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్కుతో నడిచే యంత్రం ధర 49,990 రూపాయలు. ఫోను ఎలాగూ ఇంట్లో ఉంటుంది.

ఇక తల్లిదండ్రులు భయపడే విషయం ఒకటి ఉంది. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైను ఆటలు నేను మాట్లాడుతున్న ఆటలు కావు. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అయితే పేక బొమ్మ కనిపించగానే పందెం అనుకోకండి. బలాట్రో అని 2024లో వచ్చిన ఆట ఉంది, అది కూడా ఒక్క మనిషి చేసినదే. పేకముక్కలతో చేతులు కలుపుతూ జోకర్ల సాయంతో అంకెలు పెంచుకుంటూ పోవాలి, రూపాయి కూడా పందెం ఉండదు. ఐరోపాలో వయసు ముద్ర వేసే సంస్థ కూడా పేకముక్కలు చూసి దానికి 18 ఏళ్ళ ముద్ర వేసి, అభ్యంతరం వచ్చాక 2025లో 12కు తగ్గించింది. అంతటి వారే పొరబడ్డారు కాబట్టి, మీ అబ్బాయి చేతిలో జోకరు కనిపిస్తే ఒక నిమిషం చూసి తరువాత కేకలు వేయండి.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తాను. పెట్టె నకలు, ఆట అసలు. ఆట పాతబడడం నేను ఇంతవరకు చూడలేదు, పెట్టె పాతబడడం రోజూ చూస్తున్నాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెంకుటింటి పైకప్పు ఒక పక్క లేచిపోయి, అటక మీద ఉన్న క్యాసెట్ల పెట్టె పూర్తిగా నానిపోయింది. మొత్తం 31 క్యాసెట్లు. వారం రోజులు కరెంటు లేదు కాబట్టి, చేసే పని లేక, ఒక్కొక్కటీ విప్పి, బోర్డులను మంచి నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, పిన్నుల మీద పచ్చటి చిలుమును పిల్లల పెన్సిలు రబ్బరుతో రుద్ది, స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచాను. కరెంటు వచ్చాక పెట్టి చూస్తే 27 పనిచేశాయి. తుపాను తిన్నవి నాలుగే.

దీని పక్కన ఇంకొకటి పెట్టండి. కొన్నేళ్ళ క్రితం నేను ఒక ఆన్‌లైను దుకాణంలో డబ్బు కట్టి ఒక రేసు ఆట కొన్నాను. దుకాణం పేరు అనవసరం. రెండేళ్ళకు ఒక ఉత్తరం వచ్చింది, ఫలానా తేదీ నుంచి ఆట పనిచేయదని. వాన లేదు, గాలి లేదు, ఆట పోయింది. ఇది నా ఒక్కడి గోడు కాదు. 2014లో వచ్చిన ది క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి చివర ఆపేసినప్పుడు, కొన్నవారు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది. దాని మీద ఐరోపాలో మొదలైన ఉద్యమానికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వారు అడుగుతున్నది ఆటను ఎల్లకాలం నడపమని కాదు, ఆపేటప్పుడు కొన్నవాడు సొంతంగా ఆడుకునే ఏర్పాటు చేసి వెళ్ళమని. ఇది అన్యాయమైన కోరికా? 31 క్యాసెట్లు కడిగిన చేతులకు ఇది అన్యాయంగా కనిపించదు.

ఇంత చెప్పాక పాతవన్నీ బంగారమని నేను అంటున్నానని అనుకోవద్దు. నాణేల యంత్రాల ఆటలు మన జేబు ఖాళీ చేయడానికే అంత కఠినంగా చేశారు. ముస్తఫాలో చివరి దశల్లో మీరు చచ్చిపోయింది మీ చేతగానితనం వల్ల మాత్రమే కాదు, మరో రూపాయి కోసం. ఇంటి ఆటల్లో కూడా ఏ తలుపు ఎందుకు తెరుచుకోదో చెప్పే దిక్కు ఉండేది కాదు. కొత్త ఆటలు నేర్పుతాయి, ఓపిక పడతాయి, రంగులు గుర్తించలేని వారికి కూడా వీలు కల్పిస్తాయి. నా గదిలో రెండు రూపాయలు ఇచ్చి అయిదు నిమిషాల్లో ఓడిపోయి, మిగతా పాతిక నిమిషాలు పక్కవాడిని చూస్తూ కూర్చున్న పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. ఆ పాతిక నిమిషాలకు నేను ఎవరికీ డబ్బు తిరిగి ఇవ్వలేదు.

చివరిగా, వెనక గదిలో ఒక డబ్బా టీవీ పెట్టించాను. పాత ఇనుము కొట్టులో దొరికింది, బరువుకు తూచి ఇచ్చారు. పక్కనే పెద్ద పలక టీవీ ఉండగా దాన్ని ఇద్దరు మనుషులు మోసి పైకి ఎందుకు తెచ్చారు అని నిర్వాహకులు ఇందాక అడిగారు. కారణం ఇదిగో, ఈ ప్లాస్టిక్ తుపాకి. డక్ హంట్, 1984 నాటి బాతుల వేట. తుపాకి నుంచి తెరకు కాంతి వెళుతుందని చాలామంది అనుకుంటారు. వెళ్ళదు, తెర నుంచే తుపాకిలోకి వస్తుంది. మీరు తుపాకి మీట నొక్కగానే తెర ఒక్క క్షణం పూర్తిగా నల్లబడుతుంది. ఆ వెంటనే బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకి గొట్టం లోపల ఉన్న చిన్న కాంతి గ్రాహకం ముందు చీకటిని, తరువాత వెలుతురును చూస్తే తగిలినట్టు, లేకపోతే తప్పినట్టు. రెండు బాతులు ఉంటే ఒకదాని తరువాత ఒకటి మెరుస్తాయి, ఏ మెరుపు చూసిందో దాన్నిబట్టి ఏ బాతో తెలుస్తుంది. బల్బు వైపు గురి పెట్టి మోసం చేద్దామా అంటే కుదరదు, ముందు చీకటి కావాలి, పైగా డబ్బా టీవీ సెకనుకు 15 వేలకు పైగా గీతలు గీస్తుంటే వచ్చే ఆ ప్రత్యేకమైన మినుకును మాత్రమే గుర్తించేటట్టు తుపాకిని తయారు చేశారు. పలక టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, ఆ మినుకు కూడా ఉండదు. అందుకే దాని ముందు ఈ తుపాకి గుడ్డిది.

టీవీ వేసి అరగంట అయింది, గొట్టం వేడెక్కి ఉంటుంది, రంగులు సర్దుకుని ఉంటాయి. ఒక్కొక్కరికి పది తూటాలు. పిల్లలు ముందు, ఇందాక చేతులు ఎత్తిన వారు తరువాత. తప్పినప్పుడు గడ్డిలోంచి లేచి నవ్వే కుక్కను కాల్చాలని అందరికీ అనిపిస్తుంది, అది తగలదు, తూటా వృథా చేసుకోకండి. ఆ తలుపు పక్కన ఉన్న బాబూ, వెనక గదిలో ట్యూబులైటు ఆర్పేసి రా.